పులి కోసం వచ్చి తాబేళ్ల దగ్గర ఆగిన ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టు: కేస్ స్టడీ

వన్యప్రాణుల మీద ప్రాజెక్టు చేస్తామని నా దగ్గరికి వచ్చే డిగ్రీ, పీజీ పిల్లలు మొదట చెప్పే పేరు పులి, లేదంటే చిరుత. నల్లమలలో కెమెరాలు కట్టి ఫొటోలు తీయాలని ఉంటుంది. ఆ ఆశని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను, అది లేకపోతే అసలు ఈ పనిలోకి ఎవరొస్తారు? కానీ వాళ్ల చేతిలో ఉండేది ఒక్క సెమిస్టరు. టైగర్ రిజర్వులోకి అనుమతి వచ్చేసరికే అది అయిపోతుంది, వచ్చినా పులి గురించి కొత్తగా ఒక్క మాట చెప్పాలంటే ఏళ్ల తరబడి డేటా కావాలి. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక జువాలజీ విద్యార్థిని కూడా అలాగే పులి అంటూ వచ్చింది, చివరికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ల మీద డిసర్టేషన్ రాసింది. ఆ ప్రాజెక్టు ఎలా నడిచిందో, ఏం తేలిందో, ఏం తేలలేదో ఇక్కడ మొత్తం రాస్తున్నాను. ఊరి పేరు, కాలేజీ పేరు రాయడం లేదు. ఇందులో బోట్ల గురించి మాటలున్నాయి, ఒక ఊరిని వేలెత్తి చూపించడం నాకు ఇష్టం లేదు. కాకినాడకి అటూఇటూ ఉన్న తీరం అనుకోండి, చాలు.

తాబేలే ఎందుకంటే, అది మన ఇంటి ముందుకే వస్తుంది. ఆలివ్ రిడ్లే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో వల్నరబుల్ కింద ఉంది, అంటే అంతరించే ముప్పు ఉన్న జాతుల్లో మొదటి మెట్టు మీద. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మాత్రం పులితో పాటే షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చలికాలం వచ్చేసరికి ఇవి జత కట్టడానికి, గుడ్లు పెట్టడానికి బంగాళాఖాతం ఒడ్డుకి దగ్గరగా చేరతాయి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆడ తాబేళ్లు రాత్రిపూట ఇసుక మీదకి ఎక్కి, వెనక కాళ్లతో గుంట తవ్వి, నూరు నూటిరవై దాకా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఒడిశాలో గహీర్‌మఠ, రుషికుల్య దగ్గర వేలకు వేలు ఒకేసారి ఒడ్డెక్కుతాయి కాబట్టి టీవీలో అందరూ చూసే ఉంటారు. మన దగ్గర అలా కాదు, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒక్కోటీ ఒక్కోటిగా, రాత్రికి ఇక్కడొకటి అక్కడొకటి పెడతాయి. బసుదేవ్ త్రిపాఠీ, కార్తీక్ శంకర్, బి.సి. చౌదరి కలిసి మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్ల మీద 2003లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ఆంధ్ర తీరంలో తాబేళ్ల మీద పని చేయాలనుకునే ఏ విద్యార్థికైనా నేను మొదట చేతిలో పెట్టేది అదే.

గుడ్లు పెట్టడానికి వచ్చే ఆ నెలల్లోనే చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకి వస్తాయి. 2025 జనవరిలో చెన్నై తీరంలో వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి, కాకినాడ తీరంలో తాబేళ్ల మరణాల మీద అటవీ శాఖ మంత్రిగా ఉన్న పవన్ కళ్యాణ్ విచారణకి ఆదేశించారు. అప్పుడు పేపర్లలో వచ్చింది, వారం పది రోజులు అందరూ మాట్లాడారు. వార్త చల్లారాక కూడా కళేబరాలు వస్తూనే ఉంటాయి. వాటిని ఎవరో ఒకరు సీజను మొత్తం, ఒకే పద్ధతిలో, విసుగు లేకుండా రాసుకోవాలి. అది ఒక విద్యార్థి చేయగలిగిన పని. ఖరీదైన పరికరం ఒక్కటీ అక్కర్లేదు.

మొదట్లో ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "పులి అనుకుని వస్తే చచ్చిన తాబేలా సార్" అంది. నేను సతీష్ భాస్కర్ గురించి చెప్పాను. మద్రాసు ఐఐటీలో చదువుతూ చదువుతూ అది వదిలేసి తాబేళ్ల వెంట పడ్డ మనిషి. మన దేశపు తీరాలు కాలినడకన తిరిగి ఏ తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతుందో మొట్టమొదట రాసిపెట్టింది ఆయనే. 1982లో వానాకాలమంతా లక్షద్వీప్‌లోని సుహేలీ అనే మనుషులు లేని దీవిలో ఒంటరిగా ఉండి పచ్చ తాబేళ్లని లెక్కపెట్టారు. రుషికుల్య దగ్గర సామూహికంగా గుడ్లు పెడుతున్నాయన్న సంగతి బయటి ప్రపంచానికి 1994లో తెలిపిన బివాష్ పాండవ్ కూడా అప్పటికి పీహెచ్‌డీ పనిలో ఉన్న పరిశోధకుడే. చెన్నైలో 1988 నుంచి రాత్రుళ్లు బీచ్ వెంట నడుస్తూ గుడ్లని కాపాడుతున్న బృందం పేరులోనే విద్యార్థులు అని ఉంటుంది. మన దేశంలో సముద్ర తాబేళ్ల గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం కుర్రవాళ్లు కాళ్లరిగేలా నడిచి తెచ్చిందే. ఇది విన్నాక ఆ అమ్మాయి ఒప్పుకుంది, ఒప్పుకున్నాక మళ్లీ వెనక్కి చూడలేదు.

అనుమతి

దీన్ని చాలామంది కాలేజీ గైడ్లు కూడా తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చచ్చిందే కదా, దానికి కూడా పర్మిషనా అంటారు. అవును. షెడ్యూల్ జంతువు చనిపోయి దొరికినా చట్టంలో సెక్షన్ 39 ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. దాని డిప్ప ముక్క గానీ, ఎముక గానీ బ్యాగులో వేసుకుని హాస్టల్‌కి తీసుకొస్తే కేసవుతుంది. కాబట్టి డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో, ఏ తీరం, ఏ నెలలు, ఏం కొలుస్తాం, ఏం ముట్టుకోం అని స్పష్టంగా రాసిన దరఖాస్తు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి వెళ్లాలి, కాపీ జిల్లా అటవీ అధికారికి (డీఎఫ్‌ఓ) ఇవ్వాలి. మా దరఖాస్తులో "శాంపిళ్లు తీయం, గుడ్లు ముట్టుకోం, కొలతలు, ఫొటోలు మాత్రమే" అని ఒక లైను రాశాం. ఆ లైను వల్ల పని చాలా తేలికైంది. జంతువు ఒంట్లోంచి ఏదైనా తీస్తామంటే కాగితాలు ఇంకో రకంగా ఉంటాయి, ఎమ్మెస్సీ స్థాయిలో అందులో తలదూర్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఒడ్డున చేసిన పని

ప్రశ్న ముందు పెద్దగానే ఉండేది: "ఆంధ్ర తీరంలో తాబేళ్ల మరణాలకు కారణాలు". దాన్ని కోసి కోసి ఇంత చేశాం: ఈ ఫలానా తీరం ముక్క మీద, ఈ సీజనులో, కళేబరాలు ఎప్పుడు ఎక్కువ వస్తున్నాయి, ఆ రోజులకీ గాలికీ బోట్లకీ ఏమైనా సంబంధం కనిపిస్తోందా? ప్రశ్న చిన్నదయ్యేకొద్దీ జవాబు మీద నమ్మకం పెరుగుతుంది.

పని మొదలుపెట్టే ముందే ఒకసారి తీరమంతా నడిచి, అప్పటికే పడి ఉన్న పాత కళేబరాలన్నిటికీ గుర్తు పెట్టాం. ఇది చేయకపోతే మొదటి రోజు లెక్కలోకి నెలనాటి శవాలు కూడా వచ్చి చేరతాయి. ఆ తర్వాత ప్రతిసారీ అదే దూరం, అదే దిక్కులో, తెల్లవారాక సముద్రం పాటులో ఉన్నప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు నడక. పోటు మీద ఉంటే తడి ఇసుక భాగం కనిపించదు. ఏమీ దొరకని రోజు కూడా తారీఖు వేసి సున్నా రాయాలి. విద్యార్థులకి ఇది నచ్చచెప్పడం కష్టం, ఏమీ కనిపించని రోజు వృథా అయిందనుకుంటారు. ఆ సున్నాలు లేకపోతే మిగతా అంకెలకి అర్థమే లేదు. నడిచాం కానీ ఏమీ లేదు అనేది ఒకటి, అసలు నడవలేదు అనేది ఇంకోటి, నోట్‌బుక్‌లో రెండూ ఖాళీగానే కనిపిస్తే ఆర్నెల్ల తర్వాత ఎవరూ తేడా చెప్పలేరు.

గుర్తు పెట్టడం గురించి ఒక సంగతి చెప్పాలి. తాబేలు డిప్ప మీద ఎనామిల్ పెయింటుతో నంబరు వేస్తాం, ఎక్కడైనా ఇలాగే చేస్తారు. కానీ కళేబరం కుళ్లేకొద్దీ డిప్ప మీద ఉన్న పలకలు ఒక్కోటిగా ఊడిపోతాయి, వాటితో పాటు పెయింటూ పోతుంది. కింద తెల్లటి ఎముక బయటపడుతుంది, చూసేవాళ్లకి అది కొత్త కళేబరంలాగే ఉంటుంది. కుక్కలు లాక్కెళ్లి ఇరవై అడుగుల దూరంలో వదిలేస్తే ఇంకా చిక్కు. ఆ అమ్మాయే దీనికి దారి కనిపెట్టింది: పైన ఒక గుర్తు, తిరగేసి కింది వైపు ఇంకో గుర్తు, ముందు రెక్క మొదట్లో రంగు నైలాన్ తాడు ఒక ముడి, ఫోనులో లొకేషను, రెండు ఫొటోలు. ఐదింటిలో నాలుగు పోయినా ఒకటి మిగులుతుంది.

అంతేకాదు, గుర్తు పెట్టిన కళేబరాలు ఒడ్డు మీద ఎన్నాళ్లుంటున్నాయో కూడా చూసుకోవాలి. వలలకి అడ్డమని, వాసనని ఊరివాళ్లు గొయ్యి తీసి పూడ్చేస్తారు. పెద్ద కెరటం వస్తే మళ్లీ లోపలికి పోతాయి. నడకకీ నడకకీ మధ్య ఎక్కువ రోజులు గడిస్తే వచ్చిపోయినవి మన లెక్కకి అందవు. అందుకని గుర్తు పెట్టినవి ఎప్పుడు మాయమవుతున్నాయో మొదట్లోనే గమనించి, దాన్నిబట్టి నడకల మధ్య విరామం తగ్గించాం.

ఒక్కో కళేబరం దగ్గర ఏం చూడాలి? ముందు అది ఆలివ్ రిడ్లేనేనా అని. వీపు మీద నడి వరస పలకలకి ఇటూ అటూ ఉండే పలకలు లెక్కపెడితే తెలుస్తుంది. పచ్చ తాబేలుకి చెరో వైపు నాలుగే ఉంటాయి, ఆలివ్ రిడ్లేకి మామూలుగా ఆరో ఏడో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పైగా కుడివైపు ఆరుంటే ఎడమవైపు ఏడుండటం కూడా మామూలే. తర్వాత డిప్ప పొడవు. మెడ దగ్గర నొక్కు నుంచి తోక మీది కొస దాకా, వంపు వెంట, టేపు పెట్టి కొలవాలి. టైలర్ టేపు సాగుతుంది, ఫైబర్‌గ్లాస్ టేపు కొనుక్కోవాలి. పెద్ద తాబేలు అయితే సుమారు 65, 70 సెంటీమీటర్లు వస్తుంది. ఆడా మగా అన్నది తోక చూసి చెప్పొచ్చు: పెద్ద మగదానికి తోక డిప్ప దాటి బాగా బయటికి వస్తుంది, ఆడదానిది పొట్టిగా డిప్ప అంచుతోనే ఆగిపోతుంది. చిన్న వాటిలో ఈ తేడా ఉండదు, అక్కడ "తెలియదు" అని రాయాలి. చివరగా ఎంత కుళ్లింది అనేది: తాజాది, ఉబ్బింది, తోలూ పలకలూ ఊడుతున్నది, ఎముకలే మిగిలినది. దీనికి ఒకటి నుంచి నాలుగు దాకా కోడ్ పెట్టుకున్నాం. గ్లవ్స్, మాస్క్ లేకుండా దగ్గరికి పోనివ్వను, ఒంటరిగా నడవనివ్వను. ఈ రెండిట్లో రాజీ లేదు.

ఫారంలో ఒక కాలమ్ మీద మాకు పెద్ద చర్చే జరిగింది. ఆ అమ్మాయి వేరే చోట నుంచి తెచ్చుకున్న నమూనాలో "మరణ కారణం" అని ఉంది. దాన్ని కొట్టేయించి "కంటికి కనిపించింది" అని రాయించాను. తాబేలు గాలి పీల్చే జంతువు. మరబోటు వెనక లాగే ట్రాల్ వలలో చిక్కి గంటల తరబడి నీళ్లలో లాగబడితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. అలా చచ్చిన దాని ఒంటి మీద చాలాసార్లు ఒక్క గాయమూ ఉండదు. గాయం లేదంటే వలలో మునిగి చచ్చిందని అర్థమా? అలాగా చచ్చి ఉండొచ్చు, వేరేలా కూడా చచ్చి ఉండొచ్చు. కుళ్లిన కళేబరాన్ని కోసి చూసినా పశువైద్యులకే తేల్చడం కష్టం. ప్రొపెల్లర్ కోసిన గాట్లు ఉన్నా అవి బతికుండగా పడ్డవో, చచ్చి తేలుతున్నప్పుడు పడ్డవో చూడాలి. కాబట్టి తాడు చుట్టుకుని ఉంటే తాడు అని, గాటు ఉంటే గాటు అని, ఏమీ లేకపోతే ఏమీ లేదు అని రాయడమే మన పని. కారణం అనే మాట ఫారంలో ఉంటే చేతిలో పెన్ను ఉన్న మనిషి ఏదో ఒకటి నింపుతాడు, తర్వాత ఆ నింపిందే పేపర్లో అంకె అవుతుంది.

బోట్లు, గాలి, నీరు

బోట్ల లెక్క ఎలా? విద్యార్థికి శాటిలైట్ డేటా కొనే డబ్బు లేదు. చీకటి పడ్డాక ఒడ్డున నిలబడి దీపాలు లెక్కపెట్టింది. ఇద్దరు ఇద్దరుగా రెండు చోట్ల, మధ్యలో రెండు కిలోమీటర్ల దూరంలో, ఒకే సమయానికి ఒక్కో దీపం ఏ దిక్కులో ఉందో ఫోను దిక్సూచితో కొలిస్తే రెండు గీతలు కలిసే చోట బోటు ఉన్నట్టు. విన్నప్పుడు అందరికీ బాగా నచ్చుతుంది. కానీ ఫోను దిక్సూచి నాలుగైదు డిగ్రీలు అటూఇటూ చూపిస్తుంది, ఐదు కిలోమీటర్ల దూరంలో ఆ తేడా వందల మీటర్లవుతుంది, ఇంకా దూరం పోతే కిలోమీటర్లే. అందుకని బోటు 8 కిలోమీటర్ల గీతకి ఇవతల ఉందా అవతల ఉందా అని దీనితో రుజువు చేయలేం. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదిలేశారు, మరబోట్లు దాని అవతలే వేటాడాలి. ఎవరిమీదైనా ఫిర్యాదు చేయడానికి ఈ పద్ధతి పనికిరాదని డిసర్టేషన్‌లోనే రాశాం. దగ్గర దీపాలు ఎక్కువున్న రాత్రి, తక్కువున్న రాత్రి అని వేరు చేయడానికి మాత్రం సరిపోతుంది.

సీజను మధ్యలోకి వచ్చేసరికి ఆ అమ్మాయికి కళేబరాలు గుంపుగా వచ్చిన రోజులు కొన్ని దొరికాయి. సహజంగానే ఎదురుగా కనిపించే సోనా బోట్ల (ట్రాల్ వల లాగే మరబోట్ల) మీదకి అనుమానం పోయింది. అప్పుడు ఊళ్లో ఒక పెద్దాయనతో కూర్చున్నాం. ఒడ్డు నుంచే లాగే అలివి వల లాగి లాగి చేతులు కాయలు కాచిన మనిషి. ఆయన ముందు మమ్మల్ని ఎగాదిగా చూశాడు, తాబేలు అంటే కేసులు పెడతారని అందరికీ భయమే. మేము ఎప్పుడూ "మీ వలలో తాబేలు పడుతుందా" అని అడగం, అడిగితే ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు కూడా. "బాబాయ్, ఇవి ఎక్కడి నుంచి కొట్టుకొస్తున్నాయంటారు?" అని అడిగింది ఆ అమ్మాయి. ఆయన చెప్పింది ఇది: "ఇక్కడ చచ్చింది ఇక్కడికే వత్తదనుకుంటన్నారామ్మా? సంక్రాంతికి నీరు కిందకి లాగుద్ది, శివరాత్రి ఎల్లాక పైకి లాగుద్ది. ముందు గాలి ఎటు తిరిగిందో చూసుకోండి, తర్వాత బోట్ల సంగతి."

కింద అంటే దక్షిణం, పైన అంటే ఉత్తరం. సముద్ర శాస్త్రవేత్తలు చెప్పేదీ సరిగ్గా ఇదే. తూర్పు తీరం వెంట నడిచే ప్రవాహం అక్టోబరు నుంచి జనవరి దాకా దక్షిణానికి పోతుంది, ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి తిరుగుతుంది. పైగా చచ్చిన తాబేలు వెంటనే తేలదు. ముందు మునుగుతుంది, లోపల కుళ్లి గ్యాస్ పట్టాక పైకొస్తుంది, అప్పుడు గాలీ నీరూ ఎటు తోస్తే అటు పోతుంది. సముద్రంలో చచ్చినవాటిలో ఒడ్డుకి చేరేది కొంత భాగమే, గాలి సముద్రం వైపుకి వీస్తే అసలు ఏదీ చేరకపోవచ్చు. అంటే జనవరిలో మా తీరంలో కనిపించిన ఉబ్బిన కళేబరం ఉత్తరాన ఎక్కడో, రోజుల కిందట చచ్చిందయ్యే అవకాశం ఎక్కువ. ఎదురుగా కనిపించే బోటుకీ దీనికీ ముడిపెట్టలేం. తాజాగా, ఇంకా ఉబ్బకుండా వచ్చినవాటిని మాత్రం దగ్గర్లో చచ్చినవని కొంత ధైర్యంగా అనుకోవచ్చు. కుళ్లిన స్థాయికి కోడ్ పెట్టుకున్నందుకు అప్పుడు ఫలితం దక్కింది: ఆ అమ్మాయి లెక్క మొత్తాన్ని తాజావి, పాతవి అని రెండుగా విడగొట్టి, గాలి దిక్కు రికార్డు పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి చూసింది.

ఏం కనిపించింది? పాత కళేబరాలు గుంపుగా వచ్చిన రోజులు చాలావరకు గాలి సముద్రం నుంచి ఒడ్డు మీదకి బలంగా వీచిన రోజుల తర్వాతే వచ్చాయి, దీపాల లెక్కతో వాటికి పొత్తు కుదరలేదు. తాజావి తక్కువ. అవి దగ్గర దీపాలు ఎక్కువున్న రాత్రుల తర్వాత కాస్త ఎక్కువ వచ్చినట్టు కనిపించింది గానీ, ఆ కొద్ది సంఖ్య మీద గట్టిగా ఏదీ చెప్పలేం. డిసర్టేషన్‌లో ఆ మాటే రాసింది, గాలి ప్రభావాన్నీ బోట్ల ప్రభావాన్నీ విడదీయలేకపోయాను అని. వైవాలో ఒక ఎగ్జామినర్ ముగింపు బలంగా లేదు, ట్రాలర్లే కారణమని అందరికీ తెలుసు కదా అని గట్టిగా పట్టుకున్నారు. ఆ అమ్మాయి బెదరలేదు. "అందరికీ తెలుసు సార్, కానీ నా డేటాకి తెలియదు" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

నాకు ట్రాలర్ల మీద అనుమానం లేదనుకోకండి. ప్రపంచంలో చాలా చోట్ల లెక్కలతో తేలిన సంగతే అది, వల ఎంత ఎక్కువసేపు నీళ్లలో ఉంటే చిక్కిన తాబేలు బతికే అవకాశం అంత తగ్గుతుంది. దానికి విరుగుడు కూడా ఉంది, టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) అంటారు. వల మధ్యలో ఒక ఇనుప చట్రం, దాని పైనో కిందో ఒక ద్వారం, రొయ్యలు చట్రం సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు ద్వారంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) మన బోట్లకి సరిపడేలా ఒకటి తయారుచేసింది కూడా. బోటు వాళ్లని అడిగితే ద్వారంలోంచి తాబేలుతో పాటు పెద్ద చేపా పోతుందంటారు, డీజిలు ఖర్చు పెరిగిన ఈ రోజుల్లో ప్రతి చేపా లెక్కే అంటారు. ఆ బాధ నిజమైనదే, దాన్ని కొట్టిపారేసి సంరక్షణ చేయలేం. టెడ్‌లు సరిగ్గా వాడటం లేదని 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం మానేసింది. కానీ మన రాష్ట్రం నుంచి పోయే రొయ్యల్లో ఎక్కువ భాగం చెరువుల్లో పెంచినవే, వాటికి ఆ నిషేధం వర్తించదు. కాబట్టి ఆ ఒత్తిడి మన దగ్గర బోటు యజమాని దాకా రానే రాదు. టెడ్ పెట్టుకున్న బోటుకి ఇక్కడే ఏదో ఒక లాభం కనిపించాలి, ఆ లాభం ఏ రూపంలో ఉండాలో మత్స్యశాఖ, బోటు సంఘాలు కూర్చుని తేల్చుకోవాలి.

సముద్రంలో చేపల వేట నిషేధం ఉంది కదా అని ఇంకొందరంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేళ్ల సీజను అప్పటికి చాలావరకు అయిపోతుంది. పిల్లలు సముద్రంలోకి దిగే రోజుల్లో కొంత మేలు జరుగుతుందేమో గానీ, గుడ్లతో నిండు పొట్టతో ఒడ్డుకి దగ్గరగా తిరిగే ఆడ తాబేళ్లకి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ నిషేధం ఏ అడ్డూ కాదు. ఆ అమ్మాయి గీసిన గ్రాఫులో ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది, కళేబరాలు వచ్చిన వారాలన్నీ ఒకవైపు, నిషేధం మొదలయ్యే గీత వాటికి కుడి పక్కన. ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి రేంజ్ ఆఫీసులో ఇచ్చాం. డిసర్టేషన్ మొత్తంలో అందరూ అడిగి మరీ చూసింది ఆ పేజీనే.

ప్రాజెక్టు అయ్యాక

మార్కులు వచ్చాయి, బాగానే వచ్చాయి. నాకు అంతకన్నా ముఖ్యమైనవి రెండు ఉన్నాయి. ఒకటి, ఆ ఫారం. తెలుగులో, ఒకే పేజీలో, నాలుగు కోడ్లతో ఉంది కాబట్టి తీరంలో గుడ్ల సంరక్షణ పని చేసే కుర్రాళ్లు కూడా నింపుతున్నారు. అంతకుముందు వాళ్లు రాత్రి గుడ్ల కోసం నడిచేటప్పుడు చచ్చిన తాబేలు కనిపిస్తే పక్కకి తప్పుకుని పోయేవాళ్లు. రెండోది, గాలి రికార్డు పక్కన పెట్టకుండా కళేబరాల అంకె ఒక్కటే పేపరు వాళ్లకి చెప్పకూడదనే అలవాటు. అది ఇంకా పూర్తిగా కుదరలేదు, ఫోన్ చేసి "మొత్తం ఎన్ని చచ్చాయి సార్" అని అడిగేవాళ్లకి "ఒడ్డుకి వచ్చినవి ఇన్ని" అని చెబితే రెండూ ఒకటే కదా అంటారు. ఒకటి కాదని ప్రతిసారీ చెబుతున్నాం.

చేయాల్సింది మిగిలే ఉంది. ఒక్క ఊరి తీరం మీద, ఒక్క సీజనులో ఎంత బాగా నడిచినా ప్రవాహం తెచ్చిన కళేబరం ఎక్కడిదో తేలదు. ఉత్తరాన ఒక కాలేజీ, దక్షిణాన ఒక కాలేజీ ఒకే ఫారంతో, ఒకే వారాల్లో నడిస్తే అప్పుడు గాలి, నీటి లెక్క వేయొచ్చు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరానికి దగ్గర్లో జువాలజీ చెప్పే కాలేజీలు చాలానే ఉన్నాయి, వాటిలో కొన్నిటికైనా ఒక్కో ముక్క అప్పజెప్పొచ్చు. బోటు ఎక్కి వల లాగేటప్పుడు పక్కన ఉండి చూడటం ఇంకో మెట్టు. అది మత్స్యకారుల నమ్మకం లేకుండా జరగదు, ఆ నమ్మకం ఒక సెమిస్టరులో రాదు, కాబట్టి పీహెచ్‌డీ చేసేవాళ్లే దానికి తగిన మనుషులు.

ఈ సీజనుకి ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్లు దరఖాస్తు ఆగస్టులోనే పెట్టేయండి. కాగితం టేబుళ్లు మారడానికి నెలలు పడుతుంది, డిసెంబరుకి చేతికొస్తేనే పాత కళేబరాలకి గుర్తులు పెట్టే మొదటి నడక అవుతుంది. ఫారం కావాలంటే అడగండి, పంపిస్తాను. మీ తీరానికి తగ్గట్టు మార్చుకోండి, కుళ్లిన స్థాయి కోడ్ మాత్రం మార్చకండి, అందరిదీ ఒకటే ఉంటేనే తర్వాత కలిపి చూడగలం.